నైట్రైట్ల ఆచార్యుడు ప్రఫుల్ల చంద్ర రాయ్

లోకంలో పేరు ప్రతిష్ఠలు సంపాదించినవారు ఎందరో ఉన్నారు. సంపాదించిన విద్యను, ధనాన్ని, కీర్తిని తిరిగి లోకానికే అప్పగించి రిక్తహస్తాలతో వెళ్ళిపోయినవారు మాత్రం అరుదు. అట్టి అరుదైన మహనీయులలో ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ ఒకరు. ఆయన పేరు వినని రసాయన శాస్త్ర విద్యార్థి మన దేశంలో ఉండడు. అయితే ఆయన ఏ వస్తువును పరిశోధించి ప్రపంచ ఖ్యాతి పొందారో, ఆ వస్తువుకూ మన నిత్యజీవితానికీ గల సంబంధం ఏమిటో తెలిసినవారు తక్కువ. ఆ వస్తువు పేరు నైట్రైటు. ఆ చిన్న లవణాన్ని, దానితో పెనవేసుకున్న ఒక పెద్ద జీవితాన్ని విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నైట్రైటు అనగానేమి?

పాత మట్టిగోడల అడుగున, పశువుల కొట్టాల చుట్టూ తెల్లగా పూసే ఉప్పును పల్లెవాసులందరూ చూసే ఉంటారు. అటువంటి మట్టి నుండి పూర్వం సురేకారం తీసేవారు. తెలుగులో దీనినే పెట్లుప్పు అంటారు. ఉర్దూలో షోరా అంటారు. తుపాకి మందుకు ఇదే ప్రాణం. బీహారు, బెంగాలు ప్రాంతాల సురేకారాన్ని ఈస్టిండియా కంపెనీ ఓడలకెత్తి ఐరోపాకు తరలించింది. సురేకారం నైట్రేటు జాతికి చెందిన లవణం. నైట్రేటులో ఒక నత్రజని పరమాణువుతో మూడు ఆమ్లజని పరమాణువులు కలిసి ఉంటాయి. ఆ మూడింటిలో ఒకటి తొలగిపోతే మిగిలేది నైట్రైటు.

ఒక్క పరమాణువు తేడాయే గదా అని తేలికగా తీసుకోరాదు. నైట్రేటు నెమ్మదైనది, నైట్రైటు చురుకైనది. ఆమ్లం తగిలితే చాలు, నైట్రైటు విచ్ఛిన్నమై గోధుమరంగు పొగలు విడుస్తుంది. కొన్నిసార్లు ఇతర పదార్థాలకు ఆమ్లజనిని ఇస్తుంది, మరికొన్నిసార్లు తానే ఆమ్లజనిని పుచ్చుకుంటుంది. ఇంత నిలకడలేని పదార్థాన్ని చేతబట్టి, శుద్ధి చేసి, తూచి, దాని స్వభావాన్ని తేల్చడం కష్టసాధ్యమైన పని. ఆ పనికే రాయ్ గారు తమ జీవితంలోని అత్యుత్తమ సంవత్సరాలను ధారపోశారు.

బాల్యం, విద్యాభ్యాసం

ప్రఫుల్ల చంద్రులు 1861 ఆగస్టు 2వ తేదీన రాడులి గ్రామంలో జన్మించారు. ఆనాడు జెస్సోరు జిల్లాలో ఉండిన ఆ గ్రామం నేడు బంగ్లాదేశ్‌లోని ఖుల్నా జిల్లాలో ఉన్నది. తండ్రి హరిశ్చంద్ర రాయ్, తల్లి భువనమోహినీ దేవి. హరిశ్చంద్రులు ఒక మౌల్వీ వద్ద పారశీకం అభ్యసించి హాఫిజ్ కవిత్వాన్ని ఆస్వాదించిన రసికుడు. స్వగ్రామంలో బడి పెట్టించిన ఉదారుడు. ఒకే ఇంటిలో సంస్కృతం, పారశీకం, ఆంగ్లం, వంగభాష కలిసిమెలిసి ఉండిన వాతావరణంలో ఆ బాలుడు పెరిగాడు. భాషల మధ్య గోడలు ఉండవన్న సత్యం ఆయనకు పుస్తకాల కంటే ముందు ఇల్లే నేర్పింది.

1870లో ఆ కుటుంబం కలకత్తా చేరింది. ప్రఫుల్ల చంద్రులు హేర్ పాఠశాలలో చదువుతుండగా 1874లో తీవ్రమైన జిగట విరేచనాల వ్యాధి పట్టుకొన్నది. చదువు మానుకొని ఇంటి వద్దనే ఉండవలసి వచ్చింది. ఆ వ్యాధి ఆయన శరీరాన్ని జీవితాంతం బలహీనపరచింది. అయితే పడకమీద ఉన్న ఆ కాలాన్ని ఆయన వృథా చేయలేదు. తండ్రిగారి గ్రంథాలయంలోని పుస్తకాలను ఒక్కొక్కటిగా చదివారు, లాటిన్ భాష నేర్చుకొన్నారు, చరిత్ర మీద, మహనీయుల జీవిత చరిత్రల మీద ప్రీతి పెంచుకొన్నారు. బడి ఇవ్వలేని విద్యను జబ్బు ఇచ్చిందనవచ్చు.

తరువాత ఆల్బర్ట్ పాఠశాలలో చేరి ప్రవేశ పరీక్ష నెగ్గి, విద్యాసాగరుల మెట్రోపాలిటన్ కళాశాలలో అడుగుపెట్టారు. ఆ కళాశాలలో విజ్ఞాన శాస్త్ర బోధనకు తగిన వసతులు లేవు. అందుచేత ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్ళి అలెగ్జాండర్ పెడ్లర్ చెప్పే రసాయన శాస్త్ర పాఠాలు బయటి విద్యార్థిగా వినేవారు. పెడ్లర్ ప్రయోగాలు చూపడంలో నేర్పరి. ఆ ప్రయోగాలే సాహిత్యాభిమాని అయిన యువకుణ్ణి రసాయన శాస్త్రం వైపు మళ్ళించాయి.

ఎడింబరోలో

1882లో ఆయనకు గిల్‌క్రైస్ట్ విద్యార్థి వేతనం లభించింది. ఆ సంవత్సరం భారతదేశమంతటి నుండి ఎన్నికైనవారు ఇద్దరే. ఎడింబరో విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్ వద్ద చదివి 1885లో బి.ఎస్సి., 1887లో డి.ఎస్సి. పట్టాలు పొందారు. రాగి, మెగ్నీషియం వర్గానికి చెందిన జంట సల్ఫేటులు ఆయన పరిశోధనాంశం. ఆ కృషికి హోప్ బహుమానం కూడా లభించింది.

ప్రయోగశాలలో మునిగి ఉన్న రోజులలో కూడా ఆయన మాతృదేశాన్ని మరువలేదు. 1857 విప్లవానికి ముందు, తరువాత భారతదేశ స్థితిగతులను గురించి విశ్వవిద్యాలయం వ్యాసరచన పోటీ పెట్టినప్పుడు, ఆంగ్ల పరిపాలనను నిర్భయంగా విమర్శిస్తూ వ్యాసం రాశారు. బహుమతి రాలేదు. తెల్లవారి దేశంలో, వారిచ్చే విద్యార్థి వేతనంతో చదువుకుంటూ, వారి పరిపాలననే తప్పుపట్టగల ధైర్యం ఆ ఇరవై నాలుగేళ్ళ యువకునిలో ఉన్నది.

రెండవ తరగతి ఉద్యోగం

1888లో స్వదేశానికి తిరిగి వచ్చిన డాక్టరు రాయ్‌కి దాదాపు ఏడాదిపాటు ఉద్యోగం దొరకలేదు. మిత్రుడు జగదీశ చంద్ర బోసు ఇంట్లో తలదాచుకొన్నారు. చివరికి 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతంతో తాత్కాలిక సహాయాచార్య పదవి లభించింది. ఆ కాలంలో విద్యాశాఖలో రెండు అంతస్తులుండేవి. పై అంతస్తు ఆంగ్లేయులది. అంతే చదువు, అంతకు మించిన ప్రతిభ ఉన్నా భారతీయునికి సాధారణంగా దక్కేది కింది అంతస్తే. ఆ అవమానం రాయ్ గారిని నొప్పించింది గాని కుంగదీయలేదు. తన స్థానాన్ని నిర్ణయించవలసినది ప్రభుత్వపు జాబితా కాదు, ప్రయోగశాలలో తాను చేసే పని అని ఆయన నిశ్చయించుకొన్నారు.

మొదట ఆయన దృష్టి పేదవాని వంటింటి మీద పడింది. కలకత్తా బజారులో అమ్మే నేయిలో, ఆవనూనెలో కల్తీ విపరీతంగా ఉండేది. కల్తీని పట్టుకోవాలంటే కల్తీలేని సరకు గుణాలు ముందు తెలియాలి. అందుకొరకు ఆయన తన కళ్ళెదుట పాలు పితికించి, వెన్న తీయించి, నేయి కాయించి, గింజలు ఆడించి నూనె తీయించి, ఒక్కొక్క నమూనాను పరీక్షించారు. సుమారు మూడేళ్ళ ఆ శ్రమ ఫలితం 1894లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. మెచ్చుకోళ్ళు తెచ్చే పని కాదది. అయినా ప్రజల తిండికి ఉపకరించే రసాయన శాస్త్రం చిన్నపని అని ఆయన ఎన్నడూ తలచలేదు.

పసుపుపచ్చని స్ఫటికాలు

1894లో ప్రెసిడెన్సీ కళాశాలకు కొత్త ప్రయోగశాల ఏర్పడింది. మెండలీఫ్ ఆవర్తన పట్టికలో నాటికి ఇంకా కొన్ని గడులు ఖాళీగా ఉండేవి. భారతదేశపు అరుదైన ఖనిజాలలో ఆ తెలియని మూలకాలేవైనా దొరకవచ్చునని రాయ్ గారు వెదకనారంభించారు. ఆ అన్వేషణ సాగుతుండగానే మరొక అవసరం కలిగింది. కాలొమెల్ అనే పాదరసపు మందు తయారీకి మెర్క్యూరస్ నైట్రేటు కావలసి వచ్చింది. దానికొరకు చల్లని సజల నత్రికామ్లంలో ఎక్కువ పాదరసం వేసి ఉంచారు. 1895లో ఒకనాడు ఆ పాత్రలో, పాదరసం ఉపరితలం మీద, పసుపుపచ్చని స్ఫటికాలు ఏర్పడి ఉండడం ఆయన కంటబడింది.

ఆయన కోరినది ఆ స్ఫటికాలను కాదు. వేరొకరైతే మలినమని పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవారు. అది క్షార లవణం కావచ్చునని ఆయనకు కూడా మొదట తోచింది. కాని బలమైన ఆమ్లం నిండి ఉన్న ద్రావణంలో క్షార లవణం ఎట్లా ఏర్పడుతుంది? ఈ ఒక్క ప్రశ్న ఆయనను ఆపివేసింది. స్ఫటికాలను వేరుచేసి పరీక్షించగా అందులో పాదరసం మెర్క్యూరస్ రూపంలో ఉన్నదనీ, దానితో కలిసి ఉన్నది నైట్రేటు కాదు నైట్రైటు అనీ తేలింది. అదే మెర్క్యూరస్ నైట్రైటు.

ఇందులోని విశేషాన్ని విద్యార్థులు గమనించాలి. మెర్క్యూరస్ అయాను నిలకడ లేనిది. నైట్రైటు కూడా నిలకడ లేనిదే. ఇద్దరు చపలచిత్తులు కలిసి ఒక స్థిరమైన కుటుంబాన్ని ఏర్పరచినట్లు, ఆ రెండూ కలిసి అందమైన స్ఫటికమై నిలిచాయి. ఈ ఫలితాన్ని 1896లో ఏషియాటిక్ సొసైటీ పత్రిక ప్రకటించింది. అదే సంవత్సరం లండన్‌లోని నేచర్ పత్రిక దానిని ప్రస్తావించింది. కొన్ని దశాబ్దాల తరువాత ఎక్స్-కిరణాల సాయంతో ఈ స్ఫటిక నిర్మాణాన్ని పరిశీలించినప్పుడు కూడా రాయ్ గారి నిర్ధారణయే నిలిచింది.

కొత్త మూలకం దొరకలేదు. దొరికిన నైట్రైటును మాత్రం ఆయన వదలలేదు. వెండి, సోడియం, పొటాసియం మొదలైన లోహాల నైట్రైటులు, అమీనుల నైట్రైటులు ఒకదాని వెనుక ఒకటి ఆయన ప్రయోగశాలలో తయారయ్యాయి. అన్నింటిలోకీ ప్రసిద్ధమైనది అమ్మోనియం నైట్రైటు. దానిని వేడిచేస్తే నత్రజని, నీరు వస్తాయని ఇంటర్మీడియెట్ విద్యార్థి సైతం చెబుతాడు. కాని పీడనం తగ్గించి నెమ్మదిగా వేడిచేస్తే అది విచ్ఛిన్నం కాకుండా ఆవిరి కాగలదని రాయ్ గారు నిరూపించారు. శిష్యుడు నీలరతన్ ధర్‌తో కలిసి దాని బాష్పసాంద్రతను కొలిచారు. 1912లో కలకత్తా విశ్వవిద్యాలయ ప్రతినిధిగా లండన్ వెళ్ళినప్పుడు అక్కడి రసాయన శాస్త్ర సంఘం ఎదుట ఈ ఫలితాన్ని ప్రకటించగా, సర్ విలియం రామ్సే వంటి పెద్దలు అభినందించారు. నైట్రైట్ల ఆచార్యుడన్న బిరుదు ఆయనకు అట్లా స్థిరపడింది.

నైట్రైటు: గుణం, దోషం

నైట్రైటు ఉపయోగాలు విచిత్రమైనవి. మాంసాన్ని నిలువచేయడానికి ఉప్పుతోబాటు కొంచెం సురేకారం చల్లడం ఐరోపాలో తరతరాల అలవాటు. దానివల్ల మాంసం చెడకుండా ఉండడమే గాక ఎర్రని రంగు నిలుస్తుందని వారు గమనించారు గాని కారణం తెలియదు. 1891లో పోలెన్‌స్కే అనే జర్మన్ రసాయనజ్ఞుడు, సురేకారం మాత్రమే వేసిన మాంసంలో నైట్రైటు కూడా ఉన్నట్లు కనుగొన్నాడు. సూక్ష్మజీవులు నైట్రేటును నైట్రైటుగా మార్చుతున్నవి. అసలు పని చేసేది ఆ నైట్రైటే. మాంసంలోని ఎర్రని వర్ణకంతో నైట్రైటు నుండి పుట్టిన నైట్రిక్ ఆక్సైడు కలిసి ఆ రంగును ఇస్తుందని 1901లో హాల్డేన్ వివరించాడు. 1925లో అమెరికా ప్రభుత్వం నైట్రైటును నేరుగా వాడడానికి అనుమతించింది.

రంగు కంటే ముఖ్యమైన ప్రయోజనం వేరొకటి ఉన్నది. గాలి సోకని డబ్బాలలో, బిగించిన మాంసంలో క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి పెరిగి ఘోరమైన విషాన్ని పుట్టిస్తుంది. దానిని నైట్రైటు అరికడుతుంది. మన ఇళ్ళలో బక్రీదు తరువాత ఉప్పు, పసుపు పట్టించి తీగలమీద ఎండబెట్టే ఒట్టితునకలకు ఈ లవణం అక్కరలేదు. మన ఎండ తడిని లాగివేస్తుంది, తడిలేని చోట సూక్ష్మజీవి బతకదు. ఎండ చాలని శీతల దేశాలలో తడి మాంసాన్నే నిలువచేయవలసి వచ్చినందున వారు నైట్రైటును ఆశ్రయించారు. వారి వాతావరణం వారికి ఒక పద్ధతి నేర్పింది, మన వాతావరణం మనకు మరొకటి నేర్పింది.

కాపాడే ఈ లవణమే మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. నైట్రైటు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మార్చుతుంది. అప్పుడు రక్తం ఆమ్లజనిని మోయలేదు, మనిషి పెదవులు నీలి రంగుకు తిరుగుతాయి. అందుచేతనే అమెరికాలో సాసేజి వంటి వాటికి పది లక్షల పాళ్ళకు 156 పాళ్ళు మించరాదన్న నిబంధన ఉన్నది. అనగా కిలో మాంసానికి గ్రాములో ఆరవ వంతుకు కూడా మించదు. ఇది ఇళ్ళలో చేతి అంచనాతో వాడదగిన ఉప్పు కాదు. మరొక చిక్కు కూడా ఉన్నది. కొన్ని పరిస్థితులలో నైట్రైటు అమీనులతో కలిసి నైట్రోసమీనులను ఏర్పరుస్తుంది. వాటిలో ఒకటి ఎలుకలకు కాలేయపు పుట్టకురుపు కలిగిస్తుందని 1956లో మాగీ, బార్న్స్ చూపారు. శుద్ధిచేసి నిలువ ఉంచిన మాంసాన్ని కాన్సరు కారకాల జాబితాలో 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ చేర్చింది. నైట్రోసమీనులు ఏర్పడకుండా తగ్గించడానికి విటమిన్ సి జాతి పదార్థాలను కలపడం నేడు వాడుకలో ఉన్నది.

మాంసం ముట్టనివారికి ఈ గొడవ లేదనుకోరాదు. ఎరువులు, మురుగునీరు ఇంకిన బావులలో నైట్రేటు చేరుతుంది. ఆ నీటితో పాలు కలిపి పట్టిన పసికందుల కడుపులో అది నైట్రైటుగా మారి బిడ్డ ఒళ్ళు నీలివర్ణం దాల్చే ప్రమాదం ఉన్నది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని భారతీయ ప్రమాణం. పత్తి విత్తనాల సాగుకు ఎరువులు విస్తారంగా వాడే మన నడిగడ్డ రైతు బిడ్డలకు ఈ అంకె జ్ఞాపకం ఉండాలి.

నేతపనికి కూడా నైట్రైటు బంధువే. చల్లని ఆమ్లంలో నైట్రైటును ఆరోమాటిక్ అమీనుతో కలిపితే డయజో లవణం వస్తుంది. 1858లో పీటర్ గ్రీస్ కనుగొన్న ఈ చర్య నుండి ఎన్నో అజో రంగులు పుట్టాయి. నూలుకు నాఫ్తాల్ పద్ధతిలో అద్దే ఎరుపుల వెనుక ఉన్నదీ ఈ చర్యయే. నూలు ఒడలు, పట్టు అంచులు గల గద్వాల చీరలు నేసే ప్రాంతపు విద్యార్థికి రంగుతొట్టి కూడా ఒక ప్రయోగశాలయే.

కర్మాగారం, ఒక విషాదం

ఉద్యోగాలకొరకు ఎగబడే యువకులను చూసి రాయ్ గారు బాధపడేవారు. 1892లో తన కొద్దిపాటి పొదుపుతో అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని అద్దె ఇంట్లో మందుల తయారీ ప్రారంభించారు. అదే తరువాత బెంగాల్ కెమికల్ అయింది. పగలు పాఠాలు, సాయంత్రం పొయ్యిల ముందు పని. కసాయి దుకాణాల నుండి తెచ్చిన పశువుల ఎముకలను మేడమీద ఎండవేసి ఫాస్ఫేటు తీయబోగా, కాకులు ఆ ముక్కలను ఎత్తుకుపోయి ఇరుగుపొరుగు ఇళ్ళమీద పడవేయడం, వారు వచ్చి తగవులాడడం వంటి తంటాలెన్నో పడ్డారు. వాము అరఖు, అడ్డసరం పానకం వంటి దేశీయ ఔషధాలను ఆధునిక పద్ధతిలో తయారుచేసి వైద్యుల మన్నన పొందారు.

ఆ ప్రారంభ దినాలలోనే రెండు పిడుగులు పడ్డాయి. సహచరుడు సతీశ్ చంద్ర సిన్హా ప్రయోగశాలలో ప్రమాదవశాన ప్రూసిక్ ఆమ్లం, అనగా సైనైడు జాతి విషం సోకి మరణించారు. 1898లో, ఆ సంస్థకు కుడిభుజమైన డాక్టరు అమూల్య చరణ్ బోసును ప్లేగు బలిగొన్నది. ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. సైనైడు విషానికి సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు కలిపి ఇచ్చే చికిత్స 1930 దశకంలో రూపొందింది. మోతాదు తెలిసిన వైద్యుని చేతిలో నైట్రైటు ఒక విషానికి విరుగుడు అయింది. సతీశ్ చంద్రులు మరణించిన నాటికి ఆ చికిత్స ఇంకా రూపొందలేదు. పరిశోధన ఎందుకు, దానివల్ల ఎవరికి లాభమని అడిగేవారికి ఇంతకంటే సమాధానం అవసరం లేదు.

రెండు మరణాల తరువాత కూడా రాయ్ గారు వెనుకంజ వేయలేదు. 1901లో ఆ సంస్థ లిమిటెడ్ కంపెనీగా రూపొందింది. 1980లో జాతీయం చేయబడి ప్రభుత్వ రంగంలో కొనసాగుతున్నది.

పాదరసపు పాత చరిత్ర

పాదరసంతో పనిచేసిన తొలి భారతీయుడు తాను కానని రాయ్ గారికి తెలుసు. ఫ్రెంచి పండితుడు బెర్తెలో ప్రోత్సాహంతో ప్రాచీన రసశాస్త్ర గ్రంథాల తాళపత్రాలను సేకరించి, హిందూ రసాయన శాస్త్ర చరిత్ర అనే ఉద్గ్రంథాన్ని రచించారు. మొదటి సంపుటం 1902లో వెలువడింది, రెండవది అటుపిమ్మట వచ్చింది. భారతీయ వైద్యవిద్య బాగ్దాదు ఖలీఫాల కొలువుకు చేరిన వైనాన్ని కూడా ఆయన పరిశీలించారు. విద్య ఏ ఒక్క జాతి సొత్తూ కాదని, చేతులు మారుతూ పెరుగుతుందని ఆ గ్రంథం చదివినవారికి తోస్తుంది. చేతిపనిని నీచంగా చూడడం మొదలైన నాటినుండే మన దేశంలో ప్రయోగ విద్య క్షీణించిందని ఆయన అభిప్రాయం.

ఆ గ్రంథంలో ప్రముఖంగా కనబడే పేరు రసవాది నాగార్జునుడు. ఆయన కథ కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో ముడిపడి ఉన్నది. బౌద్ధ దార్శనికుడైన నాగార్జునుడు, ఈ రసవాది వేర్వేరు వ్యక్తులని చరిత్రకారుల అభిప్రాయం. మన జిల్లాలోని అలంపురం స్థలపురాణం సైతం నవబ్రహ్మ ఆలయాల నిర్మాణాన్ని లోహాలను బంగారం చేయగల రససిద్ధునికి ముడిపెడుతుంది. కథ నిజమా కాదా అన్నది అటుంచితే, పాదరసం మీద ఈ నేలకు గల మక్కువకు అది గుర్తు. రససిద్ధులు పాదరసంలో బంగారాన్ని వెదికారు. రాయ్ గారు బంగారాన్ని ఆశించలేదు, కనబడిన దానిని కనబడినట్లు పరీక్షించారు. 1922లో రసాయన శాస్త్ర పరిశోధనకు కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన స్థాపించిన బహుమానానికి నాగార్జునుని పేరే పెట్టారు.

దేశసేవ, శిష్యసంపద

1921లో ఖుల్నా కరవు, 1922లో ఉత్తర బెంగాల్ వరదలు వచ్చినప్పుడు ప్రయోగశాల తలుపు మూసి ప్రజల మధ్యకు వెళ్ళారు. విరాళాలు పోగుచేసి, యువకులను కూడగట్టి, అన్నవస్త్రాలు అందించారు. మొదట రాట్నం మీద అంతగా నమ్మకం లేని ఆయన, పంటలేని రోజులలో పల్లెవాసికి అదే ఆధారమని కరవు ప్రాంతాలలో కళ్ళారా చూసిన తరువాత ఖద్దరు ప్రచారకులయ్యారు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శనను ప్రారంభించినవారు రాయ్ గారే. ఆ విధంగా తెలుగు నేల ఆయన పాదస్పర్శకు నోచుకొన్నది.

1916లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి విరమించి విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో పాలిత్ ఆచార్య పదవి స్వీకరించారు. 1919లో సర్ బిరుదు వచ్చింది. 1924లో భారత రసాయన శాస్త్ర సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. ఇన్ని పదవులున్నా ఆయన నివాసం కళాశాల భవనంలోని ఒక గది. ఒక ఇనుప మంచం, కొన్ని పుస్తకాలు, ముతక బట్టలు, మితాహారం, ఇదే ఆ బ్రహ్మచారి సంసారం. అరవై ఏళ్ళు నిండిన 1921 నుండి తన జీతాన్ని తాను తీసుకోకుండా విశ్వవిద్యాలయానికే వదలివేశారు. పేద విద్యార్థులు ఆయన గదిలో, ఆయన ఖర్చుతో బతికి చదువుకొన్నారు.

ఆయన సంపాదించిన నిజమైన ఆస్తి శిష్యులే. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు, జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ, నీలరతన్ ధర్ ఆ వరుసలోనివారు. 1937లో బెంగాల్ రాష్ట్ర ప్రధాని అయిన ఎ.కె. ఫజ్లుల్ హక్ కూడా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన వద్ద రసాయన శాస్త్రం చదివినవారే. ఆచార్యుని దృష్టిలో విద్యార్థికి మతం లేదు, కులం లేదు. జిజ్ఞాస ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. ఆ పరంపర మనవరకూ వచ్చింది. రాయ్ శిష్యుడు బిమన్ బిహారీ దే మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బోధించగా, ఆయన వద్ద పనిచేసిన టి.ఆర్. శేషాద్రి 1930 దశకంలో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. అక్కడి నుండి తెలుగునాట ఎన్నో కళాశాలలకు ఆ విద్య వ్యాపించింది.

1936లో డెబ్బై ఐదవ ఏట ఆచార్య పదవి నుండి విరమించిన ప్రఫుల్ల చంద్రులు, 1944 జూన్ 16వ తేదీన అదే కళాశాలలోని అదే గదిలో, శిష్యుల నడుమ కన్నుమూశారు.

మనం నేర్వవలసినది

మన ప్రాంతపు కళాశాలలలో పెద్ద పెద్ద పరికరాలు లేవని నిరుత్సాహపడే విద్యార్థులున్నారు. రాయ్ గారి ఆవిష్కరణకు కావలసినవి ఒక గాజుపాత్ర, కొంచెం ఆమ్లం, కొంచెం పాదరసం, అన్నింటికీ మించి చూసిన దానిని నిర్లక్ష్యం చేయని కన్ను. ఆ కన్ను డబ్బుతో కొనేది కాదు. నేయి పరీక్ష, నైట్రైటు పరిశోధన, కరవు సహాయం, ఖద్దరు ఇవన్నీ ఆయన దృష్టిలో వేర్వేరు పనులు కావు. తిండి, బట్ట, ఆరోగ్యం ప్రజలకు చేరనంతవరకు శాస్త్రజ్ఞుని పని పూర్తికానట్లే.

నైట్రైటు మనకు మరొక పాఠం చెబుతుంది. అదే లవణం ఒకచోట ఆహారాన్ని కాపాడుతుంది, ఒకచోట ప్రాణం తీస్తుంది, మరొకచోట విషానికి విరుగుడవుతుంది. తేడా మోతాదులో, వాడేవాని తెలివిలో ఉన్నది. విద్య కూడా అటువంటిదే. ఈ ఏడాది మన ప్రయోగశాలలో పరీక్షనాళిక పట్టుకొనే ప్రతి విద్యార్థీ, ప్రతి విద్యార్థినీ, అనుకోని రంగు ఒకటి కనబడినప్పుడు దానిని పారబోయక ముందు ఒక్క క్షణం ఆగి ఇది ఏమిటని ప్రశ్నించుకుంటే, ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ గారికి అంతకు మించిన నివాళి మరొకటి ఉండదు.